అమ్మమ్మకు వినిపించని పేజీ

రెండో భాగం వచ్చిందన్న కబురు షర్నీస్ చెవిన లెక్కల క్లాసు మధ్యలో పడింది. ఆ తర్వాత బోర్డు మీద సారు ఏం రాశాడో, ఎవర్ని ఏం అడిగాడో ఆ పిల్లనడిగి లాభం లేదు. బెల్లు కొట్టడమే ఆలస్యం, సంచీ జిప్పు కూడా వేసుకోకుండా రెండేసి మెట్లు దూకుతూ లైబ్రరీకి పరుగు తీసింది. వెనక ఎవరో "పెన్సిళ్ళు పడిపోతున్నాయే" అని అరిచారు. పడితే పడనీ.

పరుగెత్తదూ మరి? మొదటి భాగం పేరు 'నా వీధి, నా లెక్క'. అందులో ట్రినీ అనే అమ్మాయి ఒక చేత్తో సూట్‌కేసు, ఇంకో చేత్తో బస్సు టికెట్టు పట్టుకుని డిపోలో నిలబడి ఉంటుంది. వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. ఆమె వెనక్కి తిరుగుతుంది. అంతే, పుస్తకం అయిపోయింది. ఆ రాసినావిడ ఎవరో గానీ ఎదురుపడితే రెండు మాటలు గట్టిగా అనాలని స్కూల్లో సగం మందికి ఉంది. పిలిచింది వాళ్ళమ్మే అని కొందరు, కాదు ఆమె ప్రియుడు, ఆ దుర్మార్గుడు డ్రేనే అని కొందరు చలికాలమంతా భోజనాల బల్ల దగ్గర కొట్టుకు చచ్చారు.

పోయినేడు వరకూ షర్నీస్ తనంతట తాను చదివినవేమైనా ఉంటే అవి షాంపూ సీసాల మీది రాతలే. గాడ్సన్ మేడమ్ ఈ స్కూలుకి లైబ్రేరియన్‌గా వచ్చి, కిటికీ పక్కన ఒక అర ఖాళీ చేసి, మన వీధుల కథలన్నీ అందులో పెట్టింది. వెస్ట్ ఫిలడెల్ఫియాలోని వరండాలు, ట్రాములు, మూలమీది చైనా వాళ్ళ కొట్టు, పోలీసు బళ్ళు, ప్రేమలు, మోసాలు అన్నీ ఆ పుస్తకాల్లో ఉన్నాయి. స్కూళ్ళకు పుస్తకాలమ్మే కంపెనీ వాళ్ళ దగ్గర ఇలాంటివి దొరకవు. మేడమ్ యాభై రెండో వీధికి పోయి, అగరొత్తులూ అత్తర్లూ అమ్మే బల్లల మీద వెతికి మరీ తెచ్చేది. షర్నీస్ ఒకటి తీసింది, ఇంటికెళ్ళి అన్నం తినడం మర్చిపోయింది. అప్పటి నుంచీ ఆ అర ముందు నిలబడని రోజు లేదు.

రొప్పుతూ వచ్చి కౌంటరు మీద రెండు చేతులూ ఆనించింది.

"మేడమ్, ముందు నా పేరే కదా?"

"నీ పేరే." గాడ్సన్ మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అలా తుడిచిందంటే ఏదో చెడ్డ కబురే. "పుస్తకం వచ్చింది. కానీ ఇవ్వలేను, తల్లీ."

అప్పుడు చూసింది షర్నీస్. కిటికీ పక్కన అర బోసిగా ఉంది. పుస్తకాలన్నీ మేడమ్ వెనక గాజు బీరువాలో ఉన్నాయి. బీరువాకి తాళం ఉంది. మొదటి వరసలో కొత్తగా మెరిసిపోతూ రెండో భాగం కనబడుతూనే ఉంది, మిఠాయి కొట్టు మూసేశాక అద్దంలోంచి కనబడ్డట్టు.

"మొదటి భాగం మీద ఒకళ్ళు ఫిర్యాదు చేశారు. ఇవి పిల్లలు చదవాల్సినవి కావట. తేలేదాకా తాళం వెయ్యమన్నాడు ప్రిన్సిపాల్. తీసెయ్యాలని స్కూలు కమిటీ అంటే ఆ ఒక్క పుస్తకమే కాదు, అర మొత్తం పోతుంది."

"ఏ తలమాసిన మనిషి మేడమ్ అది? పనీపాటా లేదా?"

"కాస్త నోరు చూసుకో." గాడ్సన్ మేడమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "మీ అమ్మమ్మ."

షర్నీస్ కౌంటరు మీంచి చేతులు తీసేసింది.

అమ్మమ్మ యులా మే ట్రిబ్లెట్ అంటే మామూలు మనిషి కాదు. చర్చిలో ముందు వరసలో తెల్లబట్టల్లో కూర్చునే పెద్దమ్మల్లో పెద్దమ్మ. పాస్టరు ప్రసంగం ఎక్కువసేపు సాగదీస్తే ఆమె ఒక్కసారి దగ్గుతుంది, ఆయన ముగించేస్తాడు. కూతురు ఆస్పత్రిలో రెండు షిఫ్టులు చేస్తుంటే, మనవరాల్ని ఉయ్యాల్లోంచి ఇంతదాకా తెచ్చింది ఆమే. ఆమె అబద్ధమాడగా విన్నవాళ్ళు ఆ వీధిలో లేరు.

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన స్టూలు మీద, గోధుమరంగు కాగితం అట్ట వేసిన పుస్తకం ఉంది. షర్నీస్ పరుపు కింద దాచుకున్న మొదటి భాగమే.

"దుప్పట్లు మారుస్తుంటే దొరికింది," అంది అమ్మమ్మ. "అట్ట చూసి సైన్సు పుస్తకం అనుకున్నా. భూతద్దం పెట్టి నాలుగు లైన్లు చదివాను. నాలుగంటే నాలుగే. నా జన్మలో అన్ని బూతులు ఒక్కచోట చూళ్ళేదు. మర్నాడు పొద్దున్నే మీ స్కూలుకి పోయాను."

"అమ్మమ్మా, అది కథ. ఊరికే కథ."

"ఊరికే అయితే పరుపు కింద ఎందుకు దాచావు?"

షర్నీస్ సంచీ జిప్పు లాగి వేసుకుంది.

"ఆ ప్రిన్సిపాల్ విట్‌లాక్ నన్నో ప్రశ్న వేశాడు," అంది అమ్మమ్మ కాస్త చిరాగ్గా. "పుస్తకం మొత్తం చదివారా అని. ఫిర్యాదు చేసేవాళ్ళు మొత్తం చదివి ఉండాలంట, అది వాళ్ళ రూలు. నాలుగు లైన్లు చదివానన్నాను. మరి ఉన్నమాటే చెప్పాలి కదా. చదివి రండి, రెండు వారాల తర్వాత కూర్చుందాం అన్నాడు. సరే, చదివే వస్తానన్నాను."

"చదువుతావా?"

"నేనెక్కడ చదువుతానే, ఆ చీమతలకాయ అక్షరాలు? నువ్వు చదువు, నేను వింటా. ఒక్క ముక్క వదలొద్దు. రేపు దేవుడి ఎదుట నిలబడి ఈ పుస్తకం చెడ్డదని చెప్పాలంటే, మొత్తం విని చెప్పాలి. కానీ నా ఇంట్లో వద్దు. శనివారం ఎలాగూ జడలకి ఒపల్ దగ్గరికి పోతున్నాంగా, అక్కడ చదువుదువు గాని. రోజంతా కూర్చునే ఉంటావు."

ఒపల్ కొట్టులో కూర్చోవడమంటే మాటలు కాదు. సన్నజడలు నడుము దాకా కావాలంటే పొద్దున కుర్చీ ఎక్కినపిల్ల చీకటి పడేముందు గానీ దిగదు. ఈలోపు అక్కడ పెళ్ళిళ్ళు కుదురుతాయి, విడిపోతాయి, ఎవరి మొగుడు ఎక్కడ తిరుగుతున్నాడో తేలుతుంది. మైకు పెట్టి చాటింపు వేసినా అంత తొందరగా ఊరికి తెలియదు. అలాంటి చోట కూర్చుని, చర్చి పెద్దమ్మకి వీధి పుస్తకం చదివి వినిపించాలి. షర్నీస్‌కి శుక్రవారం రాత్రి నిద్రపడితే ఒట్టు.

శనివారం వచ్చింది. ఒపల్ దువ్వెనతో పాపిడి తీస్తోంది, పక్క కుర్చీల్లో నలుగురు ఆడవాళ్ళున్నారు, ఎదురుగా అమ్మమ్మ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కోర్టులో జడ్జిలా కూర్చుంది. షర్నీస్ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మూడో పేజీలోనే మొదటి బూతు తగిలింది.

"'పోరా... దరిద్రుడా,' అన్నాడు డ్రే."

ఒపల్ చెయ్యి ఆగింది. "ఇదేంటే, గంజాయి అమ్మేవాడు పాస్టరుగారి తమ్ముడిలా మాట్లాడుతున్నాడు?"

కొట్టంతా గొల్లుమంది. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. "అక్కడేముందో అదే చదువు. నేను వినేది సరదాకి కాదు."

షర్నీస్ కళ్ళు మూసుకుని ఉన్నదున్నట్టు చదివేసింది. పైకప్పు విరిగి పడలేదు. అమ్మమ్మ చేతిసంచీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది, అంతే. రెండోది తగిలేసరికి పట్టు కాస్త వదులైంది. పదో పేజీకి వచ్చేసరికి ఆ మాటల్ని ఎవరూ పట్టించుకోవడం మానేశారు. ట్రినీకి పంతొమ్మిదేళ్ళు, డ్రే కొనిచ్చిన కోటు వేసుకుని వీధిలో నడుస్తోంది, ఇంటికి అద్దె కట్టే నాథుడు లేడు, చెల్లికి దగ్గు తగ్గడం లేదు.

"ఆ కోటు తీసుకోకూడదు," అంది పక్క కుర్చీలో ఆవిడ.

"చలికి చావమంటావా?" అంది ఇంకో ఆవిడ.

"ఇద్దరూ నోరు మూస్తారా? పిల్ల చదువుతోంది," అంది అమ్మమ్మ.

షర్నీస్‌కి ఒళ్ళు పులకరించింది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. క్లాసులో చదవమంటే నత్తి ఉన్నదానిలా తడబడే పిల్ల, ఇక్కడ డ్రేకి బొంగురు గొంతు పెట్టింది, ట్రినీకి సన్నగొంతు పెట్టింది, తలుపు చప్పుడైతే కుర్చీ చెయ్యి మీద వేళ్ళతో కొట్టింది. జుట్టు ఆరబెట్టే మిషన్ కింద కూర్చున్నావిడ వినబడక దాన్ని ఆపించేసింది. జడలైపోయినా కథ సగమే అయింది. "వచ్చే శనివారం మళ్ళీ రా పిల్లా," అంది ఒపల్, "అంచులు సరిచేస్తాను, డబ్బులొద్దు." అంచులకేం కాలేదని అందరికీ తెలుసు.

అయితే ఆ వారమంతా షర్నీస్‌ని ఒక్క పేజీ తినేసింది. పుస్తకం చివర్లో వస్తుందది. డ్రే మొదటిసారి ట్రినీ మీద చెయ్యి చేసుకుంటాడు. పగిలిన పెదవితో ట్రినీ లేచి నిలబడి, వాణ్ణి తిడుతుంది. అలా ఇలా కాదు. పేజీ నిండా, ఊపిరి తీసుకోకుండా, వాళ్ళ వీధిలో ఉన్న బూతులన్నీ తిడుతుంది. తిడుతూనే సూట్‌కేసు సర్దుతుంది. మూడో పేజీలో ఒక మాటకి, పదో పేజీలో ఇంకో మాటకి అలవాటు పడిందే గానీ, ఈ పేజీ వింటే అమ్మమ్మ ఇక ఆగదు. అర పోతుంది. గాడ్సన్ మేడమ్ వీధులన్నీ తిరిగి పోగేసినదంతా అట్టపెట్టెల్లో పోతుంది. వెనక నుంచి పిలిచిందెవరో తనకి ఇక ఎప్పటికీ తెలియదు.

రెండో శనివారం కొట్టు కిటకిటలాడింది. జుట్టుతో పనిలేని వాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. షర్నీస్ చదువుతూ ఆ చోటుకి వచ్చింది. డ్రే తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. ఆకు తిప్పేటప్పుడు ఒకటికి రెండు తిప్పేసింది.

"'ట్రినీ సూట్‌కేసు పట్టుకుని బస్సు డిపోకి నడిచింది,'" అని చదివింది.

అమ్మమ్మ ఒక్కసారి తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. షర్నీస్ చివరిదాకా చదివేసింది. వెనక నుంచి పిలుపు వినబడి పుస్తకం అయిపోగానే అంతా ఒక్కసారి గోల పెట్టారు. ఇదేం ముగింపు, ఎవరు పిలిచారు, రెండో భాగం ఏదని ఒపల్ దువ్వెన విసిరేసినంత పని చేసింది. అమ్మమ్మ మాత్రం సంచీలోంచి నోటు తీసి, "పోయి చేపల శాండ్‌విచ్‌లు పట్రా, ఆకలేస్తోంది. పుస్తకం ఇక్కడ పెట్టి పో," అంది.

తిరిగొచ్చేసరికి ఒపల్ ముక్కు తుడుచుకుంటోంది. కథ మనసుకి పట్టిందనుకుంది షర్నీస్. గండం గడిచిందని కడుపునిండా తింది.

కమిటీ బుధవారం స్కూలు వదిలాక లైబ్రరీలో కూర్చుంది. ప్రిన్సిపాల్ విట్‌లాక్, ఇద్దరు టీచర్లు, తల్లిదండ్రుల తరఫున ఒకాయన బల్లకి ఆవల కూర్చున్నారు. ఈవల గాడ్సన్ మేడమ్ చేతులు ఒళ్ళో బిగించుకుని కూర్చుంది. వెనక కుర్చీల్లో పిల్లలు. గోడవారగా ఒపల్, ఆమెతో కొట్టు బలగమంతా. అమ్మమ్మ తెల్లసూటు, తెల్లటోపీ పెట్టుకుని వచ్చింది. ఆమెను చూడగానే టీచరొకాయన తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

"ట్రిబ్లెట్ గారూ, పోయినసారి అడిగిందే మళ్ళీ అడుగుతున్నాను," అన్నాడు విట్‌లాక్. "పుస్తకం మొత్తం చదివారా?"

"మొత్తం విన్నాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా. దేవుడి ఎదుట చెబుతున్నాను."

వెనక వరసలో షర్నీస్ కుర్చీ అంచుకి జరిగింది. ఇది తను అనుకోలేదు. బూతుల పేజీ తప్పించానని సంబరపడింది గానీ, దానితో అమ్మమ్మ చేత దేవుడి పేరున అబద్ధం చెప్పిస్తున్నానని అనుకోలేదు. ఒక్క అబద్ధమాడని మనిషి, ఇంతమందిలో.

"సరే. మీరు ఫిర్యాదు చేసిన పేజీ చూద్దాం," అంటూ విట్‌లాక్ పుస్తకం తెరిచాడు. మొదటి లైను చూసి గొంతు సవరించుకున్నాడు. "'ట్రినీ నోట్లో రక్తం ఉమ్మేసి లేచింది...'"

అదే పేజీ. షర్నీస్ వదిలేసిన పేజీ. ఇప్పుడతను చదువుతాడు, అమ్మమ్మ మొదటిసారి వింటుంది, మొత్తం విన్నానన్న మాట అక్కడికక్కడే అబద్ధమైపోతుంది. బీరువాలో రెండో భాగం మెరుస్తూనే ఉంది. షర్నీస్ దానివైపు ఒకసారి చూసి, లేచింది.

"సార్, ఆగండి. మా అమ్మమ్మ అబద్ధం చెప్పలేదు. ఆమె వినలేదు, ఆ పేజీ నేనే చదవలేదు. కావాలనే వదిలేశాను. వింటే పుస్తకాలు తీయించేస్తుందని భయపడ్డాను. తప్పు నాది." ముందు కుర్చీ వీపు పట్టుకుంది. "ఇప్పుడు తీసేస్తే తీసెయ్యండి. ఆమెని మాత్రం ఏమీ అనొద్దు."

గాడ్సన్ మేడమ్ కళ్ళు మూసుకుంది.

అమ్మమ్మ మెల్లిగా కుర్చీలో వెనక్కి తిరిగింది.

"వదిలేశావని నాకు తెలియదనుకున్నావా?"

షర్నీస్ నోరు వెళ్ళబెట్టింది.

"నేను భూతద్దం పెట్టి చూసిన నాలుగు లైన్లూ ఆ పేజీలోవే. రెండు శనివారాలు కూర్చున్నాను, అవెప్పుడొస్తాయా అని. రాలేదు. నువ్వు చేపలకి పోగానే ఒపల్ చేత చదివించుకున్నాను. ఒక్క ముక్క వదలకుండా." ఆమె మళ్ళీ బల్లవైపు తిరిగింది. "అయ్యా, ఆ నాలుగు లైన్లు చదివిన రోజు అవి ఎవరు ఎవర్ని అన్నవో నాకు తెలియదు. ఎవరో పోకిరీ కుర్రాడు ఆడపిల్లని అంటున్నాడనుకున్నాను. అందుకే వచ్చాను. వాణ్ణి తిడుతున్నది ఆ పిల్ల అని, నోట్లో రక్తంతో తిడుతోందని మొన్న విన్నాను."

విట్‌లాక్ పుస్తకం మూశాడు. "మరి మీ ఉద్దేశం?"

"ఈ పిల్ల ఆ పేజీ వదిలేసి చదివితే కథ ఎలా ఉందో తెలుసా? వాడు తలుపు తీసుకుని వచ్చాడు, ఆమె సూట్‌కేసు తీసుకుని పోయింది. అంత తేలిగ్గా ఏ ఆడదీ బయటికి పోదు. నాకు తెలుసు. నేను పోయాను."

షర్నీస్ అమ్మమ్మ వీపు వైపే చూస్తోంది. ఇంట్లో తాత ఊసెత్తితే మాట మార్చేసే అమ్మమ్మ. పోయాడు అని తప్ప ఇంకో మాట చెప్పని అమ్మమ్మ.

"మా ఆయన్ని వదిలి వచ్చిన రోజు నేనూ ఇలాగే లేచాను. ఇవే మాటలన్నాను. అప్పటికే చర్చిలో పాటలు పాడేదాన్ని నేను. ఆ నోటితోనే అన్నాను, పక్కింటి వాళ్ళంతా వినేలా. అనకపోతే ఆ గుమ్మం దాటేదాన్ని కాదు." అమ్మమ్మ టోపీ సర్దుకుంది. "నన్నడిగితే ఆ పేజీలో ఉన్న లోపం ఒక్కటే. ఆ పిల్ల తక్కువ తిట్టింది."

ముందుగా ఒపల్ నవ్వింది, తర్వాత కొట్టు బలగం, తర్వాత ఆపుకోలేక బల్లకి ఆవలివాళ్ళు కూడా. పిల్లలు బల్లలు బాదారు. గాడ్సన్ మేడమ్ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను," అంది అమ్మమ్మ గోల తగ్గాక. "ఆ అర ఉన్నచోటే ఉండనివ్వండి. పరుపుల కింద పెట్టుకుని చదవాల్సిన పని పిల్లలకి లేకుండా చూడండి."

చేతులెత్తమన్నాడు విట్‌లాక్. ఎత్తనివాళ్ళు లేరు. గాడ్సన్ మేడమ్ బీరువా దగ్గరికి పోయి, తొందరలో తాళంచెవి రెండుసార్లు తిరగేసి పెట్టి, చివరికి తీసింది. రెండో భాగం షర్నీస్ చేతికిచ్చింది. పిల్లలంతా చుట్టూ మూగి, మొదటి పేజీ తీయి, ఎవరు పిలిచారో చూడు అని ప్రాణం తీశారు. షర్నీస్ పుస్తకం గుండెకి హత్తుకుని వాళ్ళలోంచి దారి చేసుకుని బయటపడింది.

ట్రాములో అమ్మమ్మ పక్కనే కిటికీ దగ్గర కూర్చుంది. పుస్తకం ఒళ్ళోనే ఉంది, కొత్త కాగితం వాసన వస్తోంది. నాలుగు స్టాపులు దాటినా తెరవలేదు. మనసులో మెదులుతున్నది ట్రినీ కాదు.

"తెరవ్వేం? దీనికోసమేగా ఇంత గొడవ," అంది అమ్మమ్మ.

"ఆ రోజు గుమ్మం దాటాక ఏమైంది అమ్మమ్మా?"

అమ్మమ్మ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మీ అమ్మకి మూడేళ్ళు," అంది. "భుజాన వేసుకున్నాను. వాన పడుతోంది..."

షర్నీస్ పుస్తకం సంచీలో పెట్టేసి, ఆమె వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.